డిలీట్ కొడితే ఆధారం పోయినట్టేనా? సైబర్ నేరగాళ్ల జాడను పోలీసులు ఎలా పడతారంటే..

సైబర్ మోసం జరిగిందని తెలియగానే చాలామంది చేసే మొదటి పని.. మెసేజ్‌లు డిలీట్ చేయడం, యాప్ తీసేయడం, భయం ఎక్కువైతే ఫోన్ మొత్తం రీసెట్ కొట్టించడం. ఇంట్లో తెలిస్తే తిడతారని కొందరు, వైరస్ ఇంకా ఫోన్‌లోనే ఉందేమోనని ఇంకొందరు. కానీ దర్యాప్తు అధికారికి కావాల్సిన మొదటి ఆధారం ఉండేది ఆ ఫోన్‌లోనే. మోసగాడు ఏ దేశంలో ఉన్నా వాడు వదిలిన జాడ మాత్రం బాధితుడి చేతిలోనే ఉంటుంది. ఆ జాడ పట్టుకుని వెనక్కి వెళ్లడాన్నే డిజిటల్ ఫోరెన్సిక్స్, నెట్‌వర్క్ ఫోరెన్సిక్స్ అంటారు.

హైదరాబాద్ బ్యాంకు కేసు గుర్తుందా?

2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్‌లోకి హ్యాకర్లు చొరబడి సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు కొట్టేశారు. హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన వివరాల ప్రకారం.. అసలు కథ 2021 నవంబరులోనే మొదలైంది. బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా ఫిషింగ్ మెయిల్స్ వచ్చాయి. ఇద్దరు తెరిచారు, అంతే. అవతలివాడు ఎక్కడో కూర్చుని ఆ కంప్యూటర్లను నడిపించే మాల్వేర్ లోపలికి దిగిపోయింది. తర్వాత కొన్ని ఖాతాల్లో బ్యాలెన్స్ పెంచేశారు. ఆ డబ్బును ముందు 115 ఖాతాలకు, అక్కడి నుంచి 398 ఖాతాలకు మళ్లించారు. దేశవ్యాప్తంగా 938 ఏటీఎంలలో డ్రా చేశారు.

ఇక్కడ గమనించాల్సింది ఆ రెండు నెలల గ్యాప్. డబ్బు పోయింది జనవరిలో, దొంగ ఇంట్లోకి వచ్చింది నవంబరులో. ఇలాంటి కేసుల్లో ఫోరెన్సిక్ టీమ్ చేసేది ఒక రకంగా సినిమాను వెనక్కి తిప్పి చూడటమే. మెయిల్ సర్వర్‌లో ఏ మెయిల్ ఎప్పుడొచ్చింది, ఏ కంప్యూటర్‌లో ఎప్పుడు తెరిచారు, అక్కడి నుంచి బయటి ఏ అడ్రస్‌కు డేటా వెళ్లింది, సర్వర్‌లోకి ఎవరి పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యారు.. ఇవన్నీ నిమిషాలతో సహా ఒక వరుసలో పేర్చాలి. ఒక్క లాగ్ చెరిగిపోయినా వరుస తెగుతుంది. అందుకే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల్లో సంస్థలన్నీ లాగ్స్‌ను 180 రోజులు దాచాలని, కంప్యూటర్ల గడియారాలను సర్కారీ టైమ్ సర్వర్లతో కలపాలని చెప్పింది. గడియారం సంగతి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కాదు. ఎందుకో కింద చూద్దాం.

ఫోన్ చేతికి రాగానే ఏం చేస్తారు?

సీజ్ చేసిన ఫోన్‌ను ముందు నెట్‌వర్క్ నుంచి వేరు చేస్తారు. లేదంటే అవతలివాడు దూరం నుంచే డేటా చెరిపేయొచ్చు. దీని కోసం సిగ్నల్ అందని ఫారడే బ్యాగ్‌లు వాడతారు. ఆన్‌లో ఉన్న ఫోన్‌ను హడావుడిగా స్విచాఫ్ చేయరు. ఒకసారి ఆఫ్ అయితే, పాస్‌వర్డ్ లేకుండా లోపలి డేటా తీయడం మరింత కష్టమవుతుంది. కంప్యూటర్ అయితే ర్యామ్‌లో ఉన్నది కరెంటు తీయగానే పోతుంది కాబట్టి దాన్ని ముందే కాపీ చేసుకుంటారు.

ఆ తర్వాత అచ్చుగుద్దినట్టు ఇంకో కాపీ తీస్తారు. దీన్ని ఇమేజింగ్ అంటారు. హార్డ్‌డిస్క్ అయితే ఒరిజినల్‌లోకి పొరపాటున కూడా ఏమీ రాయకుండా రైట్ బ్లాకర్ పెడతారు. పరీక్షలన్నీ కాపీ మీదే. ఒరిజినల్‌కూ కాపీకీ హ్యాష్ వాల్యూ లెక్కిస్తారు. ఇది డేటాకు వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క కామా మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది.

మరి డిలీట్ చేసినవి దొరుకుతాయా? సినిమాల్లో చూపించినంత సులువు కాదు. పాత హార్డ్‌డిస్కుల్లో ఫైల్ డిలీట్ చేస్తే పేరు మాత్రమే పోయేది, సరుకు అక్కడే ఉండేది. ఫోన్లలోనూ చెరిపేసిన చాట్ తాలూకు ముక్కలు కొన్నిసార్లు యాప్ డేటాబేస్‌లో మిగిలి ఉంటాయి. కానీ ఇప్పటి స్మార్ట్‌ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే దాని తాళంచెవి కూడా పోతుంది. ఆపై ఏ ల్యాబ్‌కు పంపినా దాదాపు దండగే. బ్యాకప్ ఉంటే అదృష్టం.

ఐపీ దొరికితే దొంగ దొరికినట్టు కాదు

వార్తల్లో 'ఐపీ అడ్రస్ ఆధారంగా పట్టుకున్నారు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. అసలు తలనొప్పి అక్కడే ఉంది. మొబైల్ డేటాలో టెలికం కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఒకే సమయంలో ఎంతోమంది కస్టమర్లకు పంచుతాయి. అంటే ఐపీ దొరికితే అపార్ట్‌మెంట్ పేరు తెలిసినట్టే, ఫ్లాట్ నంబర్ తెలియదు. ఆ ఫ్లాట్ నంబర్ లాంటిది పోర్ట్ నంబర్. దానికి తోడు కచ్చితమైన సమయం కావాలి.

ఇక్కడే గడియారం సంగతి వస్తుంది. విదేశీ కంపెనీల రికార్డుల్లో సమయం చాలావరకు యూటీసీలో ఉంటుంది. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. రికార్డులో సాయంత్రం 6 గంటల 40 నిమిషాలు అని ఉంటే, మనకు అది అర్ధరాత్రి దాటి 12 గంటల 10 నిమిషాలు. తేదీయే మారిపోయింది! ఈ లెక్క తప్పితే టెలికం కంపెనీ ఇచ్చే పేరు ఇంకొకరిది అవుతుంది. ఏ పాపం తెలియని మనిషి ఇంటికి పోలీసులు వెళ్తారు. అందుకే అనుభవం ఉన్న అధికారులు ఐపీ ఒక్కదాన్నే నమ్ముకోరు. ఫోన్ ఐఎంఈఐ, సిమ్ వివరాలు, డబ్బు వెళ్లిన ఖాతా, ఏటీఎం సీసీ కెమెరా.. అన్నీ ఒకే మనిషి వైపు చూపిస్తున్నాయా అని సరిచూస్తారు.

వీపీఎన్ వాడితే ఇంకా కష్టం. మహేశ్ బ్యాంకు కేసులోనూ విదేశీ ఐపీలే కనిపించాయి. ఖాతాలు ఇచ్చినవాళ్లను, డబ్బు డ్రా చేసినవాళ్లను పోలీసులు అరెస్ట్ చేశారు. కానీ కేసు వివరాలు వెల్లడించిన నాటికి అసలు హ్యాకర్ మాత్రం దొరకలేదు.

ఎన్‌క్రిప్షన్ వల్ల నెట్‌వర్క్‌లో మాటలు కనిపించవు. అయినా ఏ ఫోన్ ఏ సర్వర్‌తో ఎప్పుడు, ఎంతసేపు కనెక్ట్ అయిందో ఐపీ రికార్డుల్లో తెలుస్తుంది. టెలికం కంపెనీలు వీటిని కనీసం రెండేళ్లు ఉంచాలి. ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే నకిలీ ఏపీకే ఫైల్స్‌ను విప్పి చూస్తే, దొంగిలించిన ఓటీపీలు ఏ సర్వర్‌కు లేదా ఏ నంబర్‌కు వెళ్తున్నాయో కూడా చాలాసార్లు దొరుకుతుంది. అంటే ఆ ఏపీకే ఫైల్ కూడా సాక్ష్యమే.

కోర్టులో నిలబడాలంటే..

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో రెండు భాగాలు. ఒకటి ఆ పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లు, రెండోది నిపుణుడు ఇవ్వాలి. హ్యాష్ వాల్యూ రాయాలి. పాత చట్టంలోని 65బీ సర్టిఫికెట్ తప్పనిసరని సుప్రీంకోర్టు 2020లోనే తేల్చిచెప్పింది. కాబట్టి స్క్రీన్‌షాట్ ఒక్కటే పట్టుకుని వెళ్తే కేసు గట్టిగా నిలబడటం కష్టం. ఒరిజినల్ మెసేజ్ ఉన్న ఫోన్ ఉండాలి.

ఫిర్యాదుకు ముందు ఏం దాచాలి?

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఖాతాలు మారేలోపు బ్యాంకులు ఆపగలిగితేనే తిరిగొచ్చే ఛాన్స్ ఉంటుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. లావాదేవీ యూటీఆర్ నంబర్, మోసగాడి నంబర్, లింక్, చాట్ ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. మోసం మెయిల్‌లో వస్తే ఫొటో తీయడం కాదు, మెయిల్‌నే ఉంచాలి. అది ఏ దారిన వచ్చిందో చెప్పే హెడర్ అందులోనే ఉంటుంది. ఫోన్‌లో అనుమానాస్పద యాప్ ఉంటే డేటా, వైఫై ఆపేసి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చుకుని, ఆ ఫోన్‌ను అలాగే స్టేషన్‌కు తీసుకెళ్లాలి. ఫిర్యాదు నమోదయ్యాక వచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్ రాసి పెట్టుకోండి. ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలన్నా అదే కావాలి.