పెద్దవాళ్లు జారిపడకుండా బాత్రూంలో ఏం మార్చాలి?

సింగరేణిలో రిటైరైతే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. మణుగూరులో సొంతిల్లు కట్టుకునేవాళ్లు హాలు, కిచెన్ చూసుకున్నంతగా బాత్రూం చూసుకోరు. ముసలితనంలో అక్కడ జారిపడి తుంటి ఎముక విరిగితే మళ్లీ మామూలుగా నడవడం కష్టం.

నేల: నున్నటి టైల్స్ తీసేసి గరుకు టైల్స్ వేయించాలి. నీళ్లు నిలవకుండా వాలు ఉండాలి.

పట్టుకునే రాడ్: కమోడ్ పక్కన, స్నానం చేసేచోట 38–45 మిల్లీమీటర్ల మందం స్టీలు రాడ్ గోడలోకి బోల్టులతో బిగించాలి. టవల్ రాడ్ మనిషి బరువు ఆపదు.

కమోడ్: మోకాళ్ల నొప్పులుంటే వెస్టర్న్ కమోడ్ మేలు. సీటు ఎత్తు అడుగున్నర ఉంటే లేవడం సులువు.

వజూ: ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు వాష్‌బేసిన్‌లో పెట్టడం ప్రమాదం. స్టూల్ మీద కూర్చుని చేసుకునేలా కింద ఒక నల్లా పెట్టించండి.

తలుపు: బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోతే మనిషే తలుపుకి అడ్డమవుతారు. గడియ బయటనుంచి కూడా తీయగలిగేలా ఉండాలి.

ఒకేసారి అన్నీ కుదరకపోతే ముందు రాడ్, స్టూల్ పెట్టించండి. 60 దాటి, వయసు వల్ల నడక కష్టమైన పేదవాళ్లకు 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వాకర్, కమోడ్ కుర్చీ లాంటివి ఉచితంగా ఇస్తారు.