తొట్టిలో పైరు

మా ఊరి పెద్దబావి ప్రక్కను, నా బాల్యమున, గచ్చుతో కట్టిన రెండు పాత తొట్లుండెడివి. ఒకటి మెరకను, ఒకటి పల్లమునను. మేమందు దిగి గోలీలాడుకొనెడివారము. అవి దేనికి కట్టినవని మా తాతగారి నడుగగా, "నీలిమందు తొట్లు నాయనా. మందు పోయింది, తొట్లు మిగిలినాయి" అనిరి. ఈనాడు దూరదేశములందు మొక్కలను నేలమీద గాక ఉక్కుతొట్లలో పెంచుచున్నారని చదివినపుడెల్ల నాకా మాటయే జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆ వృత్తాంతమును పెద్దలగు మీకు మనవి చేసెదను.

19వ శతాబ్దమున కడప, కర్నూలు మండలములందు నీలి యొక ముఖ్యమగు వర్తకపు పైరు. కోసిన నీలిమండలను పైతొట్టిలో నానవేసి, ఆ నీటిని క్రిందితొట్టిలోనికి వదలి, కూలివాండ్రు తెడ్లతో చాలసేపు చిలికెడివారు. పచ్చనినీరు గాలి తగిలి నీలమయ్యెడిది. అడుగున దిగిన మడ్డిని కాచి, వడగట్టి, పిండి, బిళ్ళలుగా కోసి ఆరబెట్టెడివారు. గాలిలోని ఆమ్లజని ఆకురసముతో కలియుటయే ఆ రంగునకు కారణము.

1880లో బేయరు అను జర్మను పండితుడు నీలిని ప్రయోగశాలలో చేసెను. 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. అను జర్మను కంపెనీ దానిని అంగడికి తెచ్చెను. 1914లో యుద్ధము వచ్చి జర్మను సరకు నిలిచిపోగా మన నీలికి కొంత ఊపిరి వచ్చెను గాని, అది నిలువలేదు. దున్నిన రైతునకు గాని చిలికిన కూలికి గాని ఈ సంగతి ముందుగా చెప్పినవారెవరు?

ఆమ్లజని ప్రాణాధారమే. కాని కోసిన వంకాయను నల్లబరచునదియు, నిలువయున్న నూనెను చెడగొట్టునదియు అదియే. దాని తాకిడి నుండి కాపాడు పదార్థములు మొక్కలలో అనేకములు కలవు. వానిని ఇప్పుడు యాంటీ ఆక్సిడెంట్లనుచున్నారు. పసుపులోని కర్క్యుమిన్ అట్టిదే. మన రక్తచందనపు చేవలో టెరోస్టిల్బీన్ అను నట్టి పదార్థమే కలదు. వేగిచెక్కలోను అది కలదు. చక్కెరజబ్బుగలవారు వేగిచెక్క లోటాలో నీరుంచి త్రాగుట మీరెరుగుదురు. ఆ నీటితో జబ్బు కుదురునని నేను చెప్పబోను. ఆ చెక్కలో రసమున్నదన్నంతవరకే నా మాట.

ఇక ఉక్కుతొట్ల సంగతి. 1902లో హాబర్లాంటు అను ఆస్ట్రియా పండితుడు, ఆకునుండి వేరుచేసిన కణమును ఆహారద్రవమున పెంచవచ్చునని తలచి ప్రయత్నించెను. అవి కొన్నాళ్ళు బ్రతికినవి గాని విభజన చెందలేదు. 1939 ప్రాంతమున అమెరికాలోను ఫ్రాన్సులోను మొక్కముక్కలను ఎడతెగక పెంచు ఉపాయము కుదిరెను. 1983లో జపానునందు మిత్సుయి కంపెనీవారు మురసాకి అను మొక్క కణములను తొట్టిలో పెంచి, దాని వేళ్ళలోని షికోనిన్ అను ఎఱ్ఱని పదార్థమును తీసిరి. అది మందునకును, పెదవులకు పూయు రంగునకును ఉపయోగపడెను. నేలలో ఆ వేరు పక్వమగుటకు ఏండ్లు పట్టును. తొట్టిలో మూడువారములు చాలెను. తరువాత కొరియావారు జిన్సెంగు వేళ్ళను 10,000 లీటర్ల తొట్లలో పెంచిరి.

ఈ తొట్టిని బయోరియాక్టరందురు. అందు సూక్ష్మజీవి చొరరాదు. నీటిలో చక్కెరయు లవణములును కలిపి, అడుగునుండి గాలి బుడగలుగా పంపుదురు. వాన అక్కరలేదు, ఎండ అక్కరలేదు, మన్ను అక్కరలేదు. మొగులు చూచి చూచి మెడలు నొచ్చిన రాయలసీమవారికి ఇది వినుటకు ఎట్లుండునో నేను వేరుగ చెప్పవలెనా!

రక్తచందనము పాలకొండలు, లంకమల, శేషాచలము, వీని పరిసరములందు గాక లోకమున మఱెక్కడను సహజముగా అడవియై పెరుగదు. 1995 నుండి దాని విదేశవాణిజ్యము సైటీస్ అను అంతర్జాతీయ ఒప్పందపు కట్టడిలో నున్నది. అయినను గొడ్డలి ఆగలేదు. రసమును తొట్టిలో చేసికొన్నచో చెట్టు బ్రతుకునని కొందరి ఆశ. నాకంత నమ్మకము లేదు. చేవ యనునది చెట్టు ముదిరి, లోపలి కణములు చనిపోవునపుడు ఏర్పడును. తొట్టిలోని లేతకణములచే ఆ పని చేయించుట కష్టము. పైగా దుంగను కోరువారిలో పెక్కండ్రు కోరునది రసమును గాదు, కొయ్యను. మేజాలు తొట్టిలో పెరుగవు. బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థవారు కొనమొగ్గలనుండి రక్తచందనపు నారును గాజుసీసాలలో పెంచిన పద్ధతి నాకు మేలుగా తోచుచున్నది. ఆ నారు మరల మన మన్నులోనికే రావలెను గదా.

నీలినాటికిని నేటికిని ఒక భేదము కలదు. జర్మనులు నీలిని బొగ్గుతారునుండి వచ్చు సరకుతో చేసిరి, మన మొక్కతో వారికి పనిలేకపోయెను. ఉక్కుతొట్టికి మాత్రము మొదట ఒక ఆకో, వేరో, మొగ్గయో మన నేలనుండియే పోవలెను. ఒకమారు పోయినచో మరల అడుగ బనిలేదు. 2002లో మన పార్లమెంటు చేసిన జీవవైవిధ్య చట్టము ప్రకారము, విదేశీయులు మన మొక్కలను పరిశోధనకు గాని వ్యాపారమునకు గాని తీసికొనవలెనన్న ముందుగా అనుమతి పొందవలెను, లాభములో పాలు ఈయవలెను. ప్రతి పంచాయతీలోను ఒక జీవవైవిధ్య సంఘముండి, ఆ ఊరి చెట్టుచేమలను, వాని ఉపయోగములను ఒక పుస్తకమున వ్రాయించవలెనని కూడ అందు కలదు. మీ పంచాయతీ కచేరికి పోయినపుడు ఆ పుస్తకమును అడిగి చూడుడు. వేగి, పొడపత్రి, చిరువేరు అందు ఎక్కినవో లేదో, ఎక్కనిచో మీకు తెలిసినది చెప్పి వ్రాయింపుడు.