యానాం పెళ్ళిళ్ళు, పాత పేపర్లు, మన ఇంటి చరిత్ర

గోదావరి జిల్లాల నుంచి బయటికొచ్చి స్థిరపడిన మన కుటుంబాల్లో పెద్దవాళ్ళ నోట ఒక మాట వినిపిస్తూ ఉంటుంది: "వాళ్ళ పెళ్ళి యానాంలో అయింది." పెళ్ళికూతురిది కాకినాడ, పెళ్ళికొడుకుది రామచంద్రపురం అయితే పెళ్ళి యానాంలో ఎందుకు చేశారని అడిగితే మాత్రం చాలా ఇళ్ళల్లో సరైన జవాబు రాదు. "అప్పట్లో అందరూ అక్కడే చేసేవారు" అని ఊరుకుంటారు.

దానికి కారణం ఒక చట్టం. హరబిలాస్ శారదా పేరు మీద శారదా చట్టంగా పేరుపడిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిష్ ఇండియాలో అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తే శిక్ష. యానాం మాత్రం ఫ్రెంచివాళ్ళది. కాకినాడకి కూతవేటు దూరంలోనే ఉన్నా ఆ చట్టం అక్కడికి రాలేదు. దాంతో చుట్టుపక్కల వాళ్ళు పిల్లల్ని తీసుకుని యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొచ్చారు. ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరు అందుకే వచ్చింది.

మా ఇంట్లోనూ ఈ మాట ఉంది. మా తాతమ్మ, అంటే అమ్మమ్మ వాళ్ళ అమ్మ పెళ్ళి, ప్రమోదూత వైశాఖంలో యానాంలో జరిగిందని చెప్పేవారు. పడవలో వెళ్ళడం, గోదావరి గట్టు మీద భోజనాలు, ఇవన్నీ వివరంగా చెప్పేవారు గానీ ఆవిడ వయసు దగ్గరికి వచ్చేసరికి "చిన్నపిల్లే" అని దాటేసేవారు. ఇంట్లో శుభలేఖ లేదు, జాతకం లేదు.

ఇలాంటి చోట పాత పేపర్లు ఎలా ఉపయోగపడతాయో చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు తెలుగు సంవత్సరాన్ని తేదీలోకి మార్చుకోవాలి. ప్రమోదూత అంటే 1930 ఉగాది నుంచి 1931 ఉగాది దాకా. అందులో వైశాఖం 1930 ఏప్రిల్ ఆఖరు నుంచి మే ఆఖరు వరకు. అంటే చట్టం అమల్లోకి వచ్చిన మరుసటి నెలే. ఈ పేర్లు అరవయ్యేళ్ళకోసారి తిరిగి వస్తాయి కాబట్టి, మనిషి ఏ తరం వాళ్ళో చూసుకుంటే పొరపాటు పడే వీలుండదు.

తరవాత ఆ నెల పేపర్లు చూడాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చింది. మచిలీపట్నం నుంచి కృష్ణాపత్రిక 1902లో మొదలైంది. ఇలాంటి పత్రికల పాత సంచికలు ఎన్నింటినో ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి ఇంటర్నెట్‌లో పెట్టింది. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు కాగితం ప్రతుల్ని దశాబ్దాల తరబడి కాపాడకపోతే స్కాన్ చేయడానికి చాలా సంచికలు మిగిలేవే కావు.

1930 వేసవి పేపర్లంటే ఉప్పు సత్యాగ్రహం వార్తలే ముందు కనిపిస్తాయి. గాంధీగారిని అరెస్టు చేసింది ఆ మే 5నే. పేజీలు తిప్పుతూ పోతే వాటి మధ్యలోనే శారదా చట్టం మీద వాదోపవాదాలు కూడా తగులుతాయి. మన తాతమ్మల పేర్లు అందులో ఉంటాయని ఆశ పెట్టుకోకూడదు. పేరున్న కుటుంబాల పెళ్ళిళ్ళు తప్ప మిగతావి పేపరుకెక్కేవి కావు. అయినా ఆ కాలం పేపర్లు చదివితే పెద్దవాళ్ళు దాటేసిన సంగతి అర్థమవుతుంది. పిల్లకి పధ్నాలుగు, పిల్లవాడికి పద్దెనిమిది నిండి ఉంటే 1930 మేలో యానాం దాకా వెళ్ళే పనే లేదు. మా తాతయ్యకి అప్పటికే ఇరవై దాటిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఇక మిగిలింది తాతమ్మ వయసే. అందుకే మా వంశవృక్షంలో ఆవిడ పేరు పక్కన "యానాం, 1930 ఏప్రిల్-మే, పధ్నాలుగేళ్ళ లోపు" అని రాసుకున్నాం. పడవ కథ అలాగే ఉంచాం, దాని పక్కన ఇదీ ఉండాలి కదా. మన పిల్లలకి పెళ్ళి ముచ్చట ఒక్కటే చెప్పి, ఆ పిల్లని చట్టానికి అందకుండా తీసుకెళ్ళారన్న సంగతి దాచేస్తే అది సగం చరిత్రే.

యానాంలోనే పుట్టి పెరిగిన కుటుంబాలకి ఇంకో దారి ఉంది. ఫ్రెంచి ఇండియా ప్రభుత్వం పుదుచ్చేరి నుంచి అధికార పత్రిక వేసేది. మొదట్లో దాని పేరు మోనిత్యూర్ ఒఫిసియెల్, తరవాత జుర్నాల్ ఒఫిసియెల్. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా అనే డిజిటల్ లైబ్రరీలో ఈ సంచికల్ని ఎవరైనా పైసా కట్టకుండా చదువుకోవచ్చు. ఉద్యోగాల నియామకాలు, బదిలీలు, సెలవులు, వేలం పాటలు, కోర్టు ప్రకటనలు, అన్నీ పేర్లతో సహా ఉంటాయి. 1881 సెప్టెంబరు 21 డిక్రీ ప్రకారం సొంత ఆచార చట్టాన్ని వదిలి ఫ్రెంచి పౌర చట్టం కిందికి వెళ్ళినవాళ్ళ ప్రకటనలు కూడా అధికార పత్రికలో వచ్చేవి. వీటికి తోడు, ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లోని ఫ్రెంచి విదేశీ భూభాగాల ఆర్కైవ్స్ వారు పాత జనన, వివాహ, మరణ రిజిస్టర్లని ఇంటర్నెట్‌లో ఉచితంగానే పెట్టారు. 1962 ఆగస్టు 16న అధికారికంగా విలీనం జరిగినప్పుడు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకున్న కుటుంబాలకి ఈ కాగితాలు సరదా కోసం కాదు, హక్కు నిరూపించుకోవడానికి అవసరమైనవి.

వెతికేటప్పుడు మన పేర్లు ఫ్రెంచి చెవికి ఎలా వినిపించాయో ఆలోచించాలి. "ఉ" శబ్దానికి వాళ్ళు ఓ-యు అని రెండక్షరాలు రాస్తారు. కాబట్టి రాజు, నాయుడు లాంటి పేర్లు ఓ-యు తో ముగుస్తాయి. "జ" కి ముందు డి, "చ" కి ముందు టి చేరుస్తారు. యానాం స్పెల్లింగే వేరు: వై-ఏ-ఎన్-ఏ-ఓ-ఎన్. మన ఇంటిపేరు ముందొస్తుంది, వాళ్ళకి వెనకొస్తుంది, అందుకని రెండు వరసల్లోనూ వెతకాలి. అచ్చు మసకగా ఉన్నచోట కంప్యూటర్ అక్షరాల్ని తప్పుగా చదువుతుంది. పేరు దొరక్కపోతే ఊరి పేరుతో వెతికి, వచ్చిన పేజీల్ని కళ్ళతో చదువుకోవడమే.

ఇంకా ముందే సముద్రం దాటినవాళ్ళున్నారు. రియూనియన్ దీవి చెరకు తోటలకి కూలీ ఒప్పందం మీద మొదటగా వెళ్ళిన తెలుగువాళ్ళు 1828లో యానాం నుంచే వెళ్ళారు. పక్కనున్న కోరంగి రేవు పేరు మీదే బర్మాలో, మారిషస్‌లో మనవాళ్ళని కోరంగీలన్నారు. మలయా, సింగపూర్ వెళ్ళిన కుటుంబాల వాళ్ళకి సింగపూర్ జాతీయ గ్రంథాలయం వారి పాత పేపర్లు ఉచితంగా దొరుకుతాయి.

వీలైనప్పుడల్లా రెండు వైపుల పేపర్లూ చదవండి. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య ముందుండి నడిపించిన జనం యానాం పాలనని చేతుల్లోకి తీసుకున్నారు. తెలుగువాళ్ళకి అది విమోచన. ఫ్రెంచివాళ్ళ దృష్టిలో బయటినుంచి వచ్చి చేసిన దాడి. మీ తాతగారు ఆ రోజు జెండా పట్టుకున్నారో, ఫ్రెంచి కొలువులో ఉన్నారో, ఒకవైపు మాత్రమే చదివితే ఆయన మీకు సగమే అర్థమవుతారు.

చివరగా ఒక కోరిక. ఫ్రెంచి పత్రికలో పేరు టైపు చేస్తే పేజీ తెరుచుకుంటుంది. తెలుగు పేపర్లు మాత్రం ఇంకా చాలావరకు బొమ్మలుగానే ఉన్నాయి, ఒక్కో పేజీ కూర్చుని చదవాల్సిందే. బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్ లాంటి చోట చందా కట్టాలి. ఖరగ్‌పూర్‌లో, సూరత్‌లో, డర్బన్‌లో ఉన్న తెలుగు పిల్లకి తన ముత్తాత ఊరి పేపరు ఉచితంగా, అక్షరాలతో వెతుక్కునేలా దొరకాలి. అది వచ్చేలోగా మనం చేయగలిగిన పని ఒకటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే తెలుగు సంవత్సరం, మాసం, ఊరు అడిగి రాసి పెట్టుకోండి. పేపరు ఎప్పుడైనా తెరవొచ్చు. ఏ నెల పేపరు తెరవాలో చెప్పగలిగేది వాళ్ళే.