కలిసిన వరుసలను విడదీయు విద్య



మంజీరా నదిపై నిజాంసాగరము 1931లో పూర్తియైన పిదప మన బోధను ప్రాంతమున చెరకు సాగు విస్తరించెను. 1937లో చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. అది 2015లో మూతపడినను, చెరకు బండ్లు బారులు తీరి నడచిన రాత్రులు మీలో పలువురకు జ్ఞప్తియందుండును. రెండు గ్రామముల బారులు కూడలియొద్ద ఒక్క బారుగా కలియుటయు మీరు చూచినదే. అట్లు కలిసినదానిని మరల విడదీయుట యెంతటి కష్టమో నేడు మనవి చేసెదను. అందు మన అవధానులకును, నేటి గణితవేత్తలకును గూడ పాలు గలదు.

ముందుగా నా తప్పొకటి ఒప్పుకొనవలెను. నా పదమూడవ యేట, అక్షరములు వచ్చిన బాలుడనని, రాత్రివేళ కూడలియొద్ద లాంతరు పెట్టుకొని బండ్ల లెక్క వ్రాయుమని నన్ను నియమించిరి. రెండు గ్రామముల బండ్లు ఎట్లు కలిసినను సరియే గాని, ఒక గ్రామపు బండ్లు తమలో తాము ముందువెనుకలు కారాదు. ఇది కట్టుబాటు. చీకటిలో ఎద్దుల రంగు మాత్రమే తెలియుచుండెను. మా యూరి చివరి రెండు బండ్ల వరుస: తెలుపు, ఎరుపు. పొరుగూరివి: తెలుపు, తెలుపు. కూడలి దాటిన వరుస: తెలుపు, తెలుపు, ఎరుపు, తెలుపు.

మొదటి రెండు తెల్లయెడ్ల బండ్లును పొరుగూరివే యని నేను తలచితిని. అట్లైనచో మా యెర్రయెడ్ల బండి మా తెల్లయెడ్ల బండిని దాటి ముందుకు వచ్చినట్లే గదా! నా మాట నమ్మి ఆ బండిని బారు తుదకు పంపిరి. తక్కిన బండ్లవారు కాడిపై తలవాల్చి నిద్రించుచుండిరి. సాక్ష్యము పలుకువాడు లేడాయెను. కోసిన చెరకు నిలువయుండిన కొలది ఎండి తూకము తగ్గును. ఆ రైతునకు ఒక దినము పోయెను.

మరునాడు నాకు సంస్కృతము చెప్పు గురువుగారు ఆ కాగితమును చూచి, “నాయనా, మొదటి తెలుపు పొరుగూరిది, రెండవ తెలుపు మనది యనుకొని చూడుము” అనిరి. చూచితిని. వరుస ఎక్కడను చెడలేదు. ఒక్క యూహను పట్టుకొని అది చెల్లకపోగానే మనుష్యుని దొంగ యంటిని.

గురువుగారు చూపిన పద్ధతి యిది. ప్రతి బండి దాటినపుడును “మనవి ఎన్ని, వారివి ఎన్ని దాటియుండవచ్చును” అని కుదురు జతలన్నిటిని వ్రాసికొనవలెను. కుదరని జతను కొట్టివేయవలెను. ఊరికి 50 బండ్ల చొప్పున రెండు వరుసలు కలియు విధములను లెక్కించిన 30 అంకెల సంఖ్య వచ్చును. జతలు మాత్రము 51ని 51చే హెచ్చింపగా 2,601 మాత్రమే. ఓపికగల గుమాస్తా ఒక పూటలో తేల్చగలడు.

అయితే ఆ నూరు బండ్లే పది గ్రామములనుండి పదేసి చొప్పున వచ్చినచో? అపుడు వ్రాయవలసిన లెక్కలు 2,593 కోట్లు దాటును. ఊళ్లు పెరిగిన కొలది లెక్క కట్టలు తెంచుకొనును.

ఇట్టి చిక్కును మన అవధానులు సభామధ్యమున నెదుర్కొనుచు వచ్చిరి. శతావధానమున నూరుగురు పృచ్ఛకులు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చొప్పున నాలుగు ఆవృత్తులలో నూరు పద్యములు, అనగా నాలుగు వందల పాదములు, ఒకదానిలో నొకటి కలిసి పుట్టును. తుదకు వానిని విడదీసి యే పద్యమున కా పద్యముగా చదువుటయే ధారణ. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగార్లు ఈ విద్యను ఊరూర వ్యాపింపజేసిరి. మన పొరుగున కోరుట్లలో నివసించిన శిరశినహల్ కృష్ణమాచార్యులుగారు నైజాం రాష్ట్రమునకు తొలి శతావధానిగా ప్రసిద్ధులైరి.

వారు కోట్లకొలది లెక్కలు వేసిరా? లేదు. ప్రతి పాదమునకు ఛందస్సు ఒక ఆనవాలు. నాలుగు పాదములందును రెండవ యక్షరమున నిలుచు ప్రాస మరియొక ఆనవాలు. విషయమును, అడిగిన పృచ్ఛకుని ముఖమును ఇంకొక ఆనవాలు. వ్యస్తాక్షరియందు అక్షరములను తారుమారుగా నిచ్చినను, ఇది యెన్నవ యక్షరమో సంఖ్య చెప్పియే యిత్తురు. కలుపుటకు ముందే విడదీయుటకు దారి యుంచబడినది.

ఆనవాలు లేనిచో ఏమగునో పాశ్చాత్య గణితవేత్తలు తేల్చిరి. సమాధానమిచ్చినచో సరిచూచుట సులభమై, కనుగొనుటకు మాత్రము సులభోపాయ మెవరికిని తెలియని సమస్యల జాతి యొకటి గలదు. అందొకదానికి ఉపాయము దొరికిన అన్నిటికిని దొరకునట్టి కఠిన సమస్యలు గలవని 1971లో స్టీఫెన్ కుక్ చూపెను. ఎన్ని వరుసలైనను కలియవచ్చునన్నచో, కలిసిన వరుస న్యాయముగా కలిసినదో కాదో తేల్చుట అట్టి కఠిన సమస్యయే యని 1984లో వార్ముత్, హౌస్లర్ అనువారు నిరూపించిరి. 2014లో బస్, సోల్టిస్ అనువారు మరింత వింత చూపిరి. వరుసలు రెండే యైనను, అవి రెండును ఒక్క తీరువే యైనను, ఆ తీరేదో ముందుగా తెలియనిచో అదియు నట్టి కఠిన సమస్యయే! సులభోపాయము నేటికిని దొరకలేదు. లేదని రుజువును కాలేదు.

కావున గ్రామమున తగవు తీర్చు పెద్దలకు నా మనవి. కలిసిపోయిన మాటలను, లెక్కలను విచారించునపుడు, తోచిన మొదటి విభాగము చెల్లలేదని యెవరిపైనను నేరము మోపకుడు. తక్కిన విభాగములును చెల్లవని తేలిన పిదపనే తీర్పు చెప్పుడు.

గురువుగారు నన్నా రైతు ఇంటికి తీసికొనిపోయిరి. నేను క్షమింపుమంటిని. ఆయన కొంతసేపూరకుండి, “చిన్నపంతులూ, వచ్చే యేడు గుర్తు కట్టు” అనెను. మరుసటి యేడు ప్రతి కాడికిని అంకె వ్రాసిన రేకు నా చేతులతోనే కట్టితిని.