ఆ వరస కట్టిందెవరు?

‘నానాటి బతుకు’ వినని తెలుగువాళ్ళు తక్కువ. శాస్త్రీయ సంగీతం అనగానే ఆవులించేవాళ్ళకి కూడా ఎక్కడో ఒకచోట అది చెవిన పడే ఉంటుంది. గుడి మైకులోనో, తాతగారి కేసెట్లోనో, ఎవరిదో సంస్మరణ సభలోనో, లేదంటే రాత్రి ఒంటిగంటకి యూట్యూబ్ తనంతట తనే వినిపించిన పాటల మధ్యనో. అది ఎవరి పాట అని అడిగితే అందరూ అన్నమయ్య అనే చెప్తారు. మాటలు ఆయనవే, సందేహం లేదు. కానీ మూడో చరణం ఒప్పజెప్పమంటే చాలామందిమి ఆగిపోతాం. వరస మాత్రం కూనిరాగంలా ఎప్పుడైనా తీయగలం. మనలో నిలిచిపోయిన ఆ వరస అన్నమయ్యది కాదు. అన్నమయ్య 1503లో పోయాడు. వరస కట్టినాయన 2014 డిసెంబరు 8న విశాఖపట్నంలో పోయారు. ఆయన పేరు నేదునూరి కృష్ణమూర్తి.

ఈ సంగతి సంగీతం తెలిసినవాళ్ళకి కొత్తేమీ కాదు. బయట మాత్రం దాదాపు ఎవరికీ పట్టదు. కచేరీలో గాయకులు ‘రేవతి రాగం, ఆది తాళం, అన్నమాచార్య కీర్తన’ అని చెప్పి పాట ఎత్తుకుంటారు. వీడియో కింద కూడా అంతే ఉంటుంది. పైగా 1997లో వచ్చిన ‘అన్నమయ్య’ సినిమా చూసి పెరిగిన తరం మాది. కీరవాణి కట్టిన బాణీల్ని తెరమీద నాగార్జున పాడుతుంటే, పదిహేనో శతాబ్దంలో తిరుమల కొండమీద ఇవే వినిపించాయని చిన్నప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది.

అసలు జరిగింది వేరు. అన్నమయ్య పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో సంకీర్తన భాండారంలో దాచారు. వంశంవాళ్ళ శ్రద్ధ వల్లే అవి మిగిలాయి. ముప్ఫైరెండు వేలు రాశాడంటారు, దొరికినవి పద్నాలుగు వేల చిల్లర. ఆ రేకుల మీద సాహిత్యం ఉంటుంది, పైన రాగం పేరు ఉంటుంది. స్వరాలుండవు. అంటే దర్జీ కొలతలు లేకుండా, బట్ట రంగు మాత్రం రాసిపెట్టిన చీటీ లాంటిది. రాగాల పేర్లు కూడా సామంతం, గుండక్రియ, దేశాక్షి, సాళంగనాట ఇలా ఉంటాయి. వీటిలో కొన్ని ఇప్పుడు కచేరీల్లో అరుదు. అదే పేరుతో మిగిలినవి కూడా అయిదొందల ఏళ్ళలో ఎంత మారాయో లెక్కలేదు. జోలపాటల్లాంటివి జనం నోళ్ళలో నానుతూ వచ్చాయేమో గానీ, మొత్తంమీద పాడే పరంపర తెగిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వంటి పండితులు రేకులు చదివి అచ్చు వేయించాక తెలుగువాళ్ళకి చేతికొచ్చింది పాటల పుస్తకం. చదువుకోవచ్చు. పాడుకోవడానికి లేదు.

పాడుకునేలా చేసే పని మొదట పెద్ద ఎత్తున తలకెత్తుకున్నది రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ. మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు చెప్పిన పండితుడు, సంగీతమూ అంతే బాగా తెలిసినవాడు. తర్వాత 1978లో తిరుపతిలో అన్నమాచార్య ప్రాజెక్టు వచ్చింది. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వచ్చారు, వందలకొద్దీ పాటలకి స్వరం కట్టారు. ఆయన కూడా నేదునూరి దగ్గర నేర్చుకున్నవారే. బాలమురళి కూడా కట్టారు. వీళ్ళందరిలో నేదునూరి కట్టినవి లెక్కకి ఎక్కువేం కావు, వందకి కాస్త పైన అంటారు. అయినా కచేరీ వేదిక మీద అన్నమయ్యకి కుర్చీ వేసినవాళ్ళలో ఆయనది ముందు పేరని నా అభిప్రాయం.

ఆయన పుట్టింది 1927లో, పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో. ఇంట్లో తల్లి అష్టపదులు, తరంగాలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు పాడుకునేవారు. 1940లో, అంటే పన్నెండో పదమూడో ఏట, విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చేరారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలుగా ఉన్న కాలేజీ అది. అక్కడ ద్వారం నరసింగరావు నాయుడు గారి దగ్గర వయొలినూ గాత్రమూ నేర్చుకున్నారు. 1949లో శ్రీపాద పినాకపాణి దగ్గరికి చేరారు. అసలు మలుపు అక్కడే.

పినాకపాణి గారు వృత్తిరీత్యా డాక్టరు, వైద్య కళాశాలలో ప్రొఫెసరు. పొద్దున రోగుల్ని చూసి సాయంత్రం సంగతులు రాసుకునే మనిషి. తంజావూరు బాణీలో గమకం ఎలా పలుకుతుందో విని, విడదీసి, స్వరంలో రాసి, శిష్యుల గొంతుల్లోకి ఎక్కించారు. వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం అందరూ ఆ గూటివాళ్ళే. అక్కడ నేర్చుకున్నాక నేదునూరికి రాగం అంటే ఆరోహణ అవరోహణ కాదు, ఏ స్వరం మీద ఎంతసేపు నిలవాలి, ఎక్కడ ఊపాలి, ఎక్కడ ఊపకుండా వదిలెయ్యాలి అన్న లెక్క. పాట కట్టడంలో ఆయన వాడింది ఈ చదువే.

ఇక్కడ కొంచెం ఆగి రేవతి గురించి చెప్పుకోవాలి. స, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. అయిదే స్వరాలు. గాంధారం లేదు, ధైవతం లేదు. గాంధారం లేకపోవడం వల్ల రాగం సంతోషమా దుఃఖమా అన్నది తేల్చి చెప్పదు, మధ్యలో నిలబడి ఉంటుంది. ఇంకో సంగతి. వేదం చదువుతుంటే ఎప్పుడైనా విన్నారా? గొంతు ఒక స్వరం మీద నడుస్తూ, కాస్త కిందికి దిగి, కాస్త పైకి తగిలి మళ్ళీ వచ్చేస్తుంది. ఆ కిందది ఇంచుమించు కైశికి నిషాదం, పైది శుద్ధ రిషభం. రేవతిలో షడ్జం చుట్టూ ఉన్న స్వరాలు సరిగ్గా అవే. అందుకే రేవతి ఎత్తుకోగానే ఎవరో పెద్దాయన మంత్రం చెప్తున్నట్టు ఉంటుంది. పుట్టడం, పోవడం, మధ్యలో నాటకం గురించిన పాటకి ఏడుపు రాగం పెట్టొచ్చు. చాలామంది అదే పెట్టేవారు. నేదునూరి ఏడిపించలేదు. ఊపుళ్ళు తగ్గించి, సంగతులు తక్కువ పెట్టి, ఒక నిజం చెప్పి ఊరుకున్నట్టు కట్టారు.

రేవతి కచేరీల్లో నిలదొక్కుకున్నది ఇరవయ్యో శతాబ్దంలోనే. అన్నట్టు మనం మార్చింది రాగాన్నే కాదు. అచ్చు పుస్తకంలో ‘బదుకు’ అని ఉంటుంది, మన నాలుక మీద ‘బతుకు’ అయిపోయింది.

‘ఒకపరి కొకపరి’ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. దాన్ని ఆయన ఖరహరప్రియలో కట్టారు. ఆ రాగం పేరే అన్నమయ్య తర్వాత ఎప్పటికో వచ్చింది. డెబ్బై రెండు మేళకర్తల పద్ధతి వేంకటమఖి వేసింది పదిహేడో శతాబ్దంలో. ఖరహరప్రియని మనకి ఇష్టమయ్యేలా చేసినవాడు త్యాగరాజు. అంటే నేదునూరి త్యాగరాజు దగ్గర నేర్చుకున్న భాషలో అన్నమయ్యతో మాట్లాడించారు. ‘ఏమొకో’కి తిలంగ్ పెట్టారు. అది హిందుస్తానీ నుంచి దక్షిణాదికి వచ్చిన రాగం. ఇది తప్పని గొణిగేవాళ్ళున్నారు. రేకు మీద ఏ రాగం రాసుంటే అదే పాడాలని వాళ్ళ వాదన. నాకు ఆ వాదనలో పస కనబడదు. పేరు ఒకటే అయినంత మాత్రాన పాత రాగం తిరిగి రాదు. ఎలాగూ కొత్తగా కట్టాల్సిందే. అలాంటప్పుడు ఆ మాటలకి ఏది నప్పుతుందో వినగలిగిన చెవి ముఖ్యం.

కట్టడంలో కష్టం కూడా ఉంది. అన్నమయ్య పదం మామూలుగా పల్లవి, మూడు చరణాలు. చరణాలన్నీ ఒకే కొలత. త్యాగరాజ కృతిలోలాగా పల్లవి మీద సంగతులు పేర్చుకుంటూ పోతే మాట మునిగిపోతుంది. ఏమీ వెయ్యకపోతే మూడో చరణానికి భజన అయి కూచుంటుంది. రాళ్ళపల్లి వారు మాట వైపు మొగ్గారు. నేదునూరి కచేరీ మనిషి, 1951 నుంచి మద్రాసు మ్యూజిక్ అకాడమీలో పాడిన మనిషి, కాబట్టి గాయకుడికి ఆడుకోడానికి ఎంత జాగా ఉండాలో తెలుసు. ఆయన పాటలు విద్వాంసుల కచేరీ పట్టీల్లోకి ఎక్కడానికి కారణం ఇదే అనుకుంటాను. టి.టి.డి. కోసం ఎమ్మెస్ సుబ్బులక్ష్మి ‘బాలాజీ పంచరత్నమాల’ రికార్డులు ఇచ్చినప్పుడు ‘నానాటి బతుకు’ ఈ రేవతిలోనే పాడారు. ఇక ఆ తర్వాత దాన్ని వేరే రాగంలో ఊహించుకోవడం ఎవరి తరమూ కాలేదు.

బాలమురళితో పోల్చకుండా ఉండలేను. ఇద్దరిదీ తూర్పుగోదావరే, వయసులో మూడేళ్ళ తేడా. బాలమురళి డెబ్బై రెండు మేళకర్తల్లోనూ సొంతంగా కృతులు రాసి, తన పేరునే ముద్రగా పెట్టుకున్నారు. మహతి, లవంగి అంటూ నాలుగు స్వరాల రాగాలు తెచ్చారు. అవి కొత్తవా కాదా అని వీణ ఎస్. బాలచందర్ పెద్ద గొడవే చేశారు. గొడవ సంగతి ఎలా ఉన్నా, ఫలానాది బాలమురళి చేశారని లోకానికి తెలుసు. నేదునూరి కట్టిన పాటలో ముద్ర వేంకటేశుడిది, పేరు అన్నమయ్యది. మన శాస్త్రంలో మాటని మాతువంటారు, వరసని ధాతువంటారు. రెండూ చేసినవాడు వాగ్గేయకారుడు. ధాతువు మాత్రమే ఇచ్చినవాడికి మనం వాడే మాట ‘స్వరకర్త’. అది సినిమా టైటిల్స్‌లో తప్పకుండా పడుతుంది, కచేరీలో మాత్రం వినపడదు.

పాఠం చెప్పడం దగ్గర కూడా ఆయన తన పేరు వెనక్కి పెట్టుకున్న మనిషే. తాను నేర్చుకున్న విజయనగరం కాలేజీకే ప్రిన్సిపాలయ్యారు. విజయవాడ, సికింద్రాబాదు, తిరుపతి సంగీత కళాశాలలకి కూడా. బదిలీలు, ఫైళ్ళు, డిప్లొమా పరీక్షలు, హాజరు పట్టీలు. 1985లో రిటైరయ్యారు. 1991లో సంగీత కళానిధి వచ్చింది. ద్వారం, బాలమురళి, పినాకపాణి వంటి తెలుగువాళ్ళకి అంతకుముందు వచ్చిన బిరుదు అది. రిటైరయ్యాకే శిష్యులకి తీరిగ్గా సమయం దొరికిందేమో. మల్లాది సోదరులు శ్రీరాంప్రసాద్, రవికుమార్ ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నది వింటే తెలుస్తుంది. పల్లవి ఎత్తుకునే తీరులో, ఒక స్వరం మీద తొందరపడకుండా ఆగడంలో గురువు కనిపిస్తారు. కాలేజీ సిలబస్ ఇవ్వలేనిది అదే.

ఇప్పుడు డాలస్‌లోనూ హైదరాబాదులోనూ ఆదివారం పొద్దున జూమ్‌లో పాఠం నేర్చుకునే పిల్లలు మొదటి ఏడాదిలోనే ‘నానాటి బతుకు’ రాసుకుంటారు. అయిదు స్వరాలు, పెద్దగా ఊపుళ్ళు లేవు, త్వరగా పట్టుబడుతుంది. మా ఇంట్లో నేర్చుకుంటున్న అమ్మాయి నోటుబుక్కు మొన్న తిరగేశాను. పైన మూడు వరసలు రాసి ఉన్నాయి: రాగం రేవతి, తాళం ఆది, రచన అన్నమాచార్య. నాలుగో వరసలో స్వరకల్పన నేదునూరి కృష్ణమూర్తి అని రాయమన్నాను. ఎవరు పెదనాన్నా ఆయన అంది. ఫోన్లో ఆయన కచేరీ ఒకటి పెట్టి ఇచ్చాను. కాసేపు వింది. “మా మేడమ్ ఇంకా ఫాస్ట్‌గా పాడతారు” అంది.