మన సంఘాలు బయట ఉన్న మూడేళ్లు

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కతీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) పుట్టింది. సి.ఎస్.ఐ. చరిత్ర రాసిన ప్రతి సంచికలోనూ ఈ తేదీ ఉంటుంది. సేలం ప్రాంతపు సంఘాలు మాత్రం ఆ రోజు అందులో లేవు. అంతకుముందున్న దక్షిణ ఇండియా ఐక్య సంఘం (ఎస్.ఐ.యు.సి.)లోని ఉత్తర తమిళ కౌన్సిల్ ఐక్యతలో చేరకుండా బయటే నిలబడింది. 1950లో చేరింది. అప్పుడే కోయంబత్తూరు డయోసిస్ ఏర్పడింది, ఎ.జె. అప్పాసామి మొదటి బిషప్పు అయ్యారు. ఈ మూడేళ్లను జూబిలీ వ్యాసాలు ఒక్క వాక్యంలో దాటేస్తుంటాయి. ఆనాటి పెద్దలకు అది అన్యాయమని నా అభిప్రాయం. వాళ్లు పట్టుబట్టింది పదవుల కోసం కాదు, దేవునితో సంఘానికున్న నిబంధన గురించి.

మన ఊత్తంగరై 1965 దాకా సేలం జిల్లాలోదే. తర్వాత ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. సేలంలో లండన్ మిషన్ 1827లో పని మొదలుపెట్టింది. వారిది కాంగ్రిగేషనల్ పద్ధతి. విశ్వాసులు ఒకచోట కూడి దేవునితోనూ ఒకరితో ఒకరూ నిబంధన చేసుకుంటే అదే సంఘం. దాని మీద పెత్తనం చేసే అధికారి ఎవరూ ఉండరు. మనకు తూర్పున ఆర్కాటులో, ఉత్తరాన మదనపల్లె వైపు తెలుగు ఊళ్లలో అమెరికా రిఫార్మ్‌డ్ సంఘంవారు పని చేశారు. వారిది ప్రెస్బిటేరియన్ దారి. అక్కడ పాలన సంఘ పెద్దలది, వారి పైన క్లాసిస్ అనే ప్రాంతీయ సభది.

ప్రెస్బిటేరియన్ల బోధకు వెన్నెముక నిబంధనే. 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం దాన్ని రెండుగా చెబుతుంది. ఆదాముతో క్రియల నిబంధన. అది మీరిన తర్వాత క్రీస్తు ద్వారా కృపా నిబంధన. అబ్రాహాముకు ఇచ్చిన మాట అతని పిల్లలకూ చెందింది గనుక విశ్వాసుల పిల్లలు కూడా నిబంధనలోని వారే. సున్నతి స్థానంలో బాప్తిస్మం వచ్చింది. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి శిశు బాప్తిస్మానికి ఇదే కారణం చెబుతుంది. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులు దీన్ని ఒప్పుకోరు. స్వయంగా విశ్వసించి ఒప్పుకున్నవారికే బాప్తిస్మం అంటారు. బంధుత్వాలు కలిసిన తెలుగు కుటుంబాల్లో ఈ వాదం భోజనాల దగ్గర కూడా వినిపిస్తుంది.

ఆర్కాటు క్లాసిస్, మద్రాసులోని స్కాట్లండ్ ప్రెస్బిటరీ 1900ల ఆరంభంలో ఒకే సినడ్ అయ్యాయి. దాని మొదటి మోడరేటర్ జేకబ్ చాంబర్లిన్. మదనపల్లెలో తెలుగులో బోధించి, తెలుగు బైబిలు సవరణకు పాటుపడ్డ మనిషి. ఐక్యత కోసం ఏళ్ల తరబడి కష్టపడ్డాడు. 1908 మార్చిలో మదనపల్లెలోనే కన్నుమూశాడు. ఆ జూలైలో ప్రెస్బిటేరియన్లూ కాంగ్రిగేషనలిస్టులూ కలిసి ఎస్.ఐ.యు.సి. ఏర్పడింది. పొడవాటి పాత ప్రమాణాల స్థానంలో చిన్న విశ్వాస ప్రకటన ఒకటి పెట్టుకున్నారు. సేలం సంఘాలు అందులో ఉన్నాయి.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. 1919 మేలో తరంగంబాడిలో సమావేశమైనవారు ఐక్యతకు పిలుపునిచ్చారు. వారి ముందు వరుసలో మన తెలుగు నేల దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య ఉన్నారు. ఆంగ్లికన్లు బిషప్పు వ్యవస్థ తప్పనిసరి అన్నారు. ప్రెస్బిటేరియన్ల దృష్టిలో కొత్త నిబంధనలోని పెద్ద, అధ్యక్షుడు ఒక్కరే. పాస్టరు మీద చేతులుంచే హక్కు ప్రెస్బిటరీది. ఇకమీదట బిషప్పు చేతులుంచితేనే గురుపట్టాభిషేకం అంటే, ఇంతకాలం మన పాస్టర్లు ఇచ్చిన ప్రభు భోజనం ఏమైనట్టు? కాంగ్రిగేషనల్ సంఘాలకు ఈ ప్రశ్న ఇంకా పదునుగా తగిలింది. దేవుడు సంఘంతో చేసిన నిబంధనే చాలినప్పుడు బిషప్పు ఏం కలుపుతాడు? ఇది మొండితనం కాదు, వేదాంతం.

చివరికి కుదిరిన ఒప్పందం ఇలా ఉంది. పాత పాస్టర్లెవరికీ మళ్లీ పట్టాభిషేకం ఉండదు. ఐక్యత తర్వాత అయ్యేవారందరికీ బిషప్పు చేతులుంచుతారు. మనస్సాక్షి ఒప్పని పరిచర్యను ఏ సంఘం మీదా రుద్దరు. పరిచర్యలు పూర్తిగా ఒకటి కావడానికి 30 ఏళ్ల గడువు పెట్టారు. సంఘం పుట్టిన రోజున బిషప్పులైనవారిలో స్కాట్లండ్ ప్రెస్బిటేరియన్ లెస్లీ న్యూబిగిన్ ఒకరు. మదురై, రామనాడు ఆయనకు దక్కాయి. అజరయ్య మాత్రం 1945 జనవరి 1ననే కన్నుమూశారు.

నంద్యాల వైపు ఆంగ్లికన్ తెలుగువారు చాలామంది ఇదే ఒప్పందాన్ని కాదని బయట ఉన్నారు. వారి భయం సేలంవారి భయానికి సరిగ్గా ఎదురు, బిషప్పు వారసత్వం ఇక్కడ పలుచబడుతుందని. ఒకవైపు సేలం, మరోవైపు నంద్యాల. ఒకే పత్రంలో ఒకరికి బిషప్పు ఎక్కువయ్యాడు, ఇంకొకరికి తక్కువయ్యాడు. ఒప్పందం రాసినవారు ఎంత ఇరుకు దారిలో నడిచారో దీన్నిబట్టి తెలుస్తుంది. 1950లో మనవాళ్లు లోపలికి వచ్చినప్పుడు అడిగిన ప్రశ్నను వెనక్కి తీసుకోలేదనే నేను అనుకుంటాను. రుద్దబోమన్న ఆ మాట నిలబడిందా అని చూసుకునే హక్కుతో వచ్చారు.

పైన చెప్పిన శిశు బాప్తిస్మం వివాదం మాత్రం అలా ఒప్పందంతో తీరలేదు. పెంతెకొస్తు కూటాలకు వెళ్లివచ్చిన యువకులు ముంచి మళ్లీ బాప్తిస్మం ఇమ్మని పాస్టరును అడుగుతున్నారు. సి.ఎస్.ఐ. నియమం ప్రకారం బాప్తిస్మం ఒక్కసారే. నియమం చెప్పి పంపేస్తే ఆ పిల్లలు నిలవరు. అబ్రాహాము నుంచి మొదలుపెట్టి నిబంధన సంగతి ఓపికగా చెప్పాలి. శిశువుకు బాప్తిస్మమిచ్చే ఆదివారంనాడే, తల్లిదండ్రులు సంఘం ముందు నిలబడి ఉన్నప్పుడే చెప్పాలి.