గోల్కొండ ఖిడ్కీ, పంజాగుట్ట మేడ

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేశారో లేదో, మీ చేతిలో మూడు కరపత్రాలు పడతాయి. డెవాప్స్ డెమో క్లాసు, డేటా సైన్స్ వీకెండ్ బ్యాచ్, స్పోకెన్ ఇంగ్లీష్. ఆదివారం సాయంత్రమైనా రద్దీ తగ్గలేదు. జిరాక్సు షాపులు, హాస్టల్ బోర్డులు దాటుకుంటూ, నెత్తిన రైళ్లు పోతుండగా మెట్రో పిల్లర్ల వెంట పంజాగుట్ట దాకా నడుస్తారు. ద్వారకాపురి కాలనీలో సాయిబాబా గుడి దాటాక ఓ పాత మేడ. మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

గదిలో చాప, చాప మీద నలుగురు. జావా నేర్చుకుంటున్న నెల్లూరు కుర్రాడు, గ్రూప్స్‌కి చదువుతున్న సిద్దిపేట కుర్రాడు, నిమ్స్‌లో డ్యూటీ దిగి వచ్చిన నర్సు. నాలుగో మనిషిని అందరూ ‘అన్నా’ అంటున్నారు. తలా ఒక వేషం ఊహించుకుని మాటలతోనే కథ సాగించే రోల్‌ప్లేయింగ్ ఆట ఇది, నడిపేది ఆయనే. ఒళ్లో రూళ్ల నోటుబుక్కు ఉంది.

“రండి, కూర్చోండి. పెన్సిల్ తీసుకోండి, పెన్ను వద్దు. చెరిపేది చాలా ఉంటుంది.”

ఏ ఫోర్ కాగితంలో సగం ముక్క మీ ముందుకొస్తుంది. అందులో నాలుగే మాటలు: బలం, చురుకు, తెలివి, మాట. ప్లస్ రెండు, ప్లస్ ఒకటి, సున్నా, మైనస్ ఒకటి. ఏది దేనికో మీరే పంచుకోవాలి. “1687 సెప్టెంబరు. గోల్కొండ కోట లోపల ఉన్నారు. మీరెవరు?” అని అడుగుతాడు అన్న. రాజుగారి బంధువునని చెప్పబోయి ఆగుతారు. నీళ్లు మోసే భిస్తీ అయితే ఏ గుమ్మంలోకైనా వెళ్లొచ్చు కదా. మాటకు ప్లస్ రెండు వేసుకుంటారు, బలానికి మైనస్ ఒకటి. “తోలుతిత్తి మోసేవాడికి బలం లేదా?” అంటాడు నెల్లూరు కుర్రాడు. “ఎనిమిది నెలల ముట్టడి. తిండి లేదు,” అంటారు మీరు. అన్న తలూపి నోటుబుక్కులో రాసుకుంటాడు. మీరు అన్నది ఇక ఆ లోకంలో నిజం.

“ఒక్క మాట,” అంటుంది నర్సు. “రోజంతా గాయాలే చూస్తాను. ఇక్కడ వర్ణించొద్దు.” సరేనంటారు అందరూ. ఎవరికి ఏది ఇబ్బందో ముందే చెప్పుకోవడం ఆటకు పునాది అని నా నమ్మకం. ఆ భరోసా లేని చోట ఎవరూ మనసు విప్పి ఆడలేరు.

“ఔరంగజేబు ఫిరంగులు ఇవాళ మూగబోయాయి,” మొదలుపెడతాడు అన్న. “వానకు మందు తడిసింది. అర్ధరాత్రి. పెద్ద దర్వాజా పక్కన చిన్న ఖిడ్కీ తలుపు ఉంది. అక్కడ రోజూ వెలిగే కాగడా ఇవాళ లేదు. కావలివాళ్లు ఇద్దరూ లేరు. చీకట్లో ఒక్క మనిషి నిలబడి ఉన్నాడు. అబ్దుల్లా ఖాన్ పనీ.”

“గొళ్లెం ఎటువైపు?” గజదొంగ వేషంలో ఉన్న నర్సు అడుగుతుంది.

“లోపలివైపు. తీసి ఉంది.”

సిద్దిపేట కుర్రాడి ముఖం మారుతుంది. అతనికి చరిత్ర కంఠతా వచ్చు. ఆ రాత్రి ఖాన్ ఖిడ్కీ తెరిచే ఉంచాడు. మొఘలులు చొరబడ్డారు. అబ్దుర్ రజాక్ లారీ చివరిదాకా పోరాడినా కోట నిలవలేదు. పరీక్షలో రాయాల్సిన జవాబు అదే. ఈ చాప మీద జవాబు ఇంకా పడలేదు.

“ఏం చేస్తారు?” అన్న మిమ్మల్నే చూస్తున్నాడు.

ఆట ప్రాణమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. వైకుంఠపాళిలో పాము మింగితే కిందికి జారడమే. ఇక్కడ పాముతో బేరమాడొచ్చు. 1969లో అమెరికాలో డేవిడ్ వెస్లీ అనే ఆయన బ్రౌన్‌స్టైన్ అనే ఊహా పట్నం పేరుతో ఒక యుద్ధక్రీడ పెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో వేషం ఇచ్చాడు. వాళ్లు యుద్ధం సంగతి వదిలేసి పట్నంలో తమ సొంత వ్యవహారాలు నడుపుకున్నారు. ఆట చెడిందనుకున్నాడు వెస్లీ. ఆడినవాళ్లు మళ్లీ పెట్టమన్నారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ ఆట తెచ్చాడు. అంటే ఈ ఆటలు పుట్టిందే గీత దాటిన ఆటగాళ్ల వల్ల.

“దగ్గరికెళ్లి, ఖాన్ సాబ్, నీళ్లు తాగుతారా అంటాను,” అంటారు మీరు. “కావలివాళ్లు ఏమయ్యారో కూపీ లాగాలి.”

“అయితే మాట. వెయ్యండి.”

చేతిలో మామూలు లూడో పాచికలు రెండు. పద్ధతి విన్సెంట్ బేకర్ 2010లో తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆటది. మొత్తం పదీ ఆ పైనైతే అనుకున్నది జరుగుతుంది, ఏడు నుంచి తొమ్మిదైతే జరుగుతుంది గానీ మూల్యం ఉంటుంది, ఆరూ ఆ లోపైతే గండమే. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. ఏమీ కలపకపోతే అందులో 15 గండాలు. ప్లస్ రెండు ఉంటే గండాలు 6కి దిగుతాయి, పూర్తి గెలుపు 6 నుంచి 15కి పెరుగుతుంది. మూల్యం చెల్లించే మధ్య మెట్టు మాత్రం రెండు లెక్కల్లోనూ 15 దగ్గరే ఉంటుంది. ఎంత నేర్పరికైనా మూల్యం తప్పకపోవడమే ఈ లెక్కలో నాకు బాగా నచ్చేది.

ఒకటి చాప అంచున మూడు చూపించి ఆగుతుంది. రెండోది స్టీలు గ్లాసుకు తగిలి వెనక్కొచ్చి నాలుగు. ఏడు, ప్లస్ రెండు. తొమ్మిది.

“చెబుతాడు. కావలివాళ్లకు మత్తుమందు పెట్టించాడు, అంతా వాగేస్తాడు. అందుకు బదులు, మీ ముఖం గుర్తుపెట్టుకుంటాడా, తిత్తి లాక్కుంటాడా? మీరే ఎంచుకోండి.”

తిత్తి పోతే రేపు ఏ గుమ్మంలోకీ వెళ్లలేరు. ముఖమే ఇస్తారు.

“మాటల్లో ఉండగా నేను గొళ్లెం పెట్టేస్తా,” అంటుంది నర్సు. చురుకు ప్లస్ రెండు. ఆరు, రెండు. మొత్తం పది.

ఖిడ్కీ మూతపడింది.

అన్న నోటుబుక్కులో రెండు పేజీలు వెనక్కి తిప్పుతాడు. లారీ పోరాటం, కోట పతనం, తప్పించుకునే దారులు, అన్నీ సిద్ధం చేసుకున్నాడు. కావాలంటే మరో ద్వారం తెరిపించి అందరినీ తన దారికి తెచ్చుకోవచ్చు. ఆ పని చేస్తే పాచికలు వేయించడం దేనికి? ఆ రెండు పేజీల మీద అడ్డంగా గీత కొడతాడు. ఆట నడిపేవాడిని నేను ఈ గీతతోనే కొలుస్తాను.

“చప్పట్లు కొడదాం!” సిద్దిపేట కుర్రాడు మోకాళ్ల మీద లేచాడు. “గుమ్మటం కింద కొడితే పైన బాలాహిసార్‌లో వినిపిస్తది.” నెల్లూరు కుర్రాడు ఖాన్‌ను కట్టేసి ఫిరంగి దగ్గరికి ఈడ్చుకెళదామంటాడు. నర్సు ఒప్పుకోదు. ఖాన్ కత్తి దూయలేదని, దూసేదాకా అతను గోల్కొండ సుల్తాను తానాషా సేనానేనని, భిస్తీ మాట దర్బారులో ఎవరు నమ్ముతారని వాదిస్తోంది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అన్న మీవైపు తిరిగి, ఖాన్ చూపు మీ మీదే ఉందంటాడు. మీరు పాచికలు తీసుకోబోతే నర్సు మీ చెయ్యి పట్టుకుని ఆపి, ముందు ఏం చేయబోతున్నారో చెప్పమంటుంది.